భూమాత ఒడిలో విద్య : గురుదేవ రవీంద్రుల జీవితము

మన ప్రాచీన ఋషులు అరణ్యములందు వసించి అరణ్యములందే విద్య గఱపిరి. గురుకులమున శిష్యుడు సమిధలు తెచ్చెడివాడు, గోవులను కాచెడివాడు, చేనికి గట్టు కట్టెడివాడు. గండిపడిన మడికి తన దేహమునే అడ్డము వేసిన ఆరుణి కథ భారతమున కలదు. నాలుగువందల గోవులను తోలుకొని అడవికేగిన సత్యకామునకు వృషభమును, అగ్నియు, హంసయు, నీటిపక్షియు బ్రహ్మమును బోధించినట్లు ఛాందోగ్యము చెప్పుచున్నది. చేతికి పని, కంటికి ప్రకృతి, హృదయమునకు భక్తి: ఈ మూడును కలసినదే ఆనాటి విద్య.

పరీక్షలును పట్టములును రాజ్యమేలుచున్న ఆధునిక కాలమున ఈ సంప్రదాయమును మరల బ్రదికింప బూనిన మహనీయులు రవీంద్రనాథ ఠాకూరు. లోకము వారిని కవిగా ఎఱుగును. కాని వారు తమ జీవితములో చివరి నలువది సంవత్సరములు ఒక పాఠశాలను కన్నబిడ్డవలె పోషించిరి. బాలుర చేత మట్టిని పట్టించి, మొక్కలను నాటించి, భూమిని సేవించుట నేర్పిరి. ఆ కృషియొక్క కథయే ఇచట చెప్పబడుచున్నది.

గీతలోపలి బాల్యము

రవీంద్రులు 1861వ సంవత్సరము మే నెల 7వ తేదీన కలకత్తా నగరమున జొరాసాంకో భవనమునందు జన్మించిరి. తండ్రి మహర్షి దేవేంద్రనాథులు; తల్లి శారదాదేవి. ఆ భవనము సిరిసంపదలకు, విద్వద్గోష్ఠులకు పెట్టినది పేరు. అయినను పసివాని పాలిటికి అది చెఱసాలయే అయ్యెను. పిల్లల పెంపకము సేవకుల చేతిలో నుండెడిది. శ్యాముడను సేవకుడు బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గీత గీసి, దానిని దాటినచో ఆపద వాటిల్లునని బెదరించి తన దారిన తాను పోవుచుండెను. లక్ష్మణుని గీత దాటిన సీతాదేవి పడిన పాట్లను వినియున్న ఆ బాలుడు గీతను దాట సాహసింపలేదు. కిటికీ సందునుండి క్రిందనున్న చెరువును, దాని ఒడ్డున ఊడలు దింపియున్న మఱ్ఱిచెట్టును, స్నానమునకు వచ్చిపోవు జనులను చూచుచు దినమెల్ల గడపుచుండెను.

బంధింపబడిన ఆ బాలుని మనస్సు మట్టికై, పచ్చదనమునకై పరితపించెను. వసారా మూలనున్న దుమ్ములో ఒక సీతాఫలపు గింజను పాతి, ప్రతిదినమును నీరు పోసి, అది మొలకెత్తునాయని ఆతడు ఆతురతతో ఎదురుచూచుచుండెను. మఱియొకప్పుడు చదువుకొను గది మూలలో రాళ్ళను పేర్చి చిన్న కొండను కట్టి, నడుమ నడుమ పూలమొక్కలను నాటెను. ఆ కొండను చూచి పెద్దలు నవ్విరి. కొలది దినములలో అది తుడిచివేయబడెను. పిల్లవాని చేతిపనిలో ఎంతటి ఆనందము ఇమిడియున్నదో ఆ ఇంటివారు గ్రహింపలేకపోయిరి.

ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెయింట్ జేవియర్ పాఠశాల మొదలగు చోట్లకు బాలుని పంపిరి గాని ఎచటను అతని మనస్సు నిలువలేదు. నాలుగు గోడల నడుమ వరుసలుగా పేర్చిన బల్లలును, బెత్తమును, అర్థముకాని పరభాషాపాఠములును అతనికి భయమునే కలిగించినవి. పదునాలుగేండ్ల ప్రాయమునకు బడిచదువు ముగిసెను. ఏ బడి తన్ను తిరస్కరించెనో, ఏ బడిని తాను తిరస్కరించెనో, అట్టి బడికి మాఱుగా వేఱొక బడిని నెలకొల్పు భాగ్యము ఆ బాలునికే కలుగుట భగవద్విలాసము.

తండ్రితో హిమాలయ యాత్ర

మహర్షి దేవేంద్రనాథులు గొప్ప ధ్యానపరులు. యౌవనమున ఒకనాడు గాలికి ఎగిరివచ్చిన ఒక సంస్కృత గ్రంథపు పుట వారి కంటబడెను. అది ఈశావాస్యోపనిషత్తులోని మొదటి శ్లోకము. ఈ జగత్తునందు కదలెడి సర్వమును ఈశ్వరునిచే ఆవరింపబడినదనియు, త్యాగముతోనే అనుభవింపవలెననియు, పరధనమునకు ఆశపడరాదనియు తెలుపు ఆ శ్లోకార్థము వారి జీవితమును మార్చివేసెను. ఏకాంతమును వెదకుచు వారు 1863లో వంగదేశమున వీరభూమి జిల్లాయందు బోల్పూరు చెంత ఒక బయలుప్రదేశమునకు వచ్చిరి. ఎఱ్ఱని గరపనేల, దూరముగా కొన్ని తాళవృక్షములు, నడుమ రెండు ఏడాకులపాల చెట్లు. ఆ చెట్లక్రింద ధ్యానము చేసిన మహర్షికి గొప్ప శాంతి లభించెను. ఇరువది బీఘాల నేలను కౌలునకు పుచ్చుకొని వారొక గృహమును నిర్మించి దానికి శాంతినికేతనమని పేరిడిరి. 1888లో ధర్మకర్తృత్వ పత్రము వ్రాయించి ఆ స్థలమును నిరాకార బ్రహ్మోపాసనకు అంకితము గావించిరి.

1873లో ఉపనయనానంతరము మహర్షి తమ కుమారుని వెంటబెట్టుకొని యాత్రకు బయలుదేరిరి. తొలి మజిలీ శాంతినికేతనము. అచట ఏ గీతయు లేదు, ఏ సేవకుని కావలియు లేదు. వర్షపు నీటిచే కోసుకొనిపోయిన ఎఱ్ఱనేలలో చిన్న చిన్న గట్లును, లోయలును ఏర్పడియుండెను. వానిని అచటివారు ఖోవాయి అందురు. బాలుడు ఒంటరిగా ఆ లోయలలో దిగి, రంగురంగుల రాళ్ళను అంగీ చెఱగున మూటగట్టుకొని వచ్చి తండ్రికి చూపెను. మహర్షి నవ్వి త్రోసివేయలేదు. ఎంతో ముచ్చటపడి, తాము ప్రాతఃకాలమున ధ్యానము చేయు మట్టిదిబ్బను ఆ రాళ్ళతో అలంకరింపుమని కోరిరి. ఇంకొకనాడు బాలుడు ఒక గోతిలో స్వచ్ఛమైన నీటి ఊటను కనుగొని, త్రాగుటకును స్నానమునకును ఆ నీటిని తెప్పింపరాదాయని అడిగెను. మహర్షి వెంటనే అట్లే ఏర్పాటు చేయించిరి. తాను కనుగొన్నది పెద్దలకు ఉపయోగపడినదను ఆనందము ఆ బాలుని హృదయమున చెఱగని ముద్ర వేసెను.

అచటినుండి అమృతసరమునకు, పిదప డల్హౌసీ పర్వతములకు తండ్రికొడుకులు పయనించిరి. కొండలలో ఇనుపములికి గల కఱ్ఱను చేతబట్టి బాలుడు దేవదారువనములందు ఒంటరిగా తిరుగుచుండెను. తండ్రి ఎన్నడును అడ్డుచెప్పలేదు. తెల్లవారకమునుపే లేపి సంస్కృతమును చెప్పెడివారు. రాత్రివేళ నక్షత్రములను గ్రహములను చూపి ఖగోళమును బోధించెడివారు. తమ బంగారు గడియారమునకు కీలిచ్చు బాధ్యతను సైతము కుమారునికే అప్పగించిరి. బాలుడు అత్యుత్సాహముతో త్రిప్పి త్రిప్పి దానిని మరమ్మతునకు పంపవలసిన స్థితికి తెచ్చెను. అయినను మహర్షి మందలింపలేదు. విశ్వాసముతో విడిచిపెట్టుటయు, చేతులార చేయనిచ్చుటయు విద్యకు మూలమని రవీంద్రులు నేర్చినది ఈ నాలుగు మాసములలోనే. ఆనాడు తండ్రినోట విన్న నక్షత్రవిద్యను ఆధారము చేసికొనియే వారు తమ తొలి గద్యవ్యాసమును వ్రాసిరి. వార్ధక్యమున, 1937లో, సామాన్యులకై విశ్వపరిచయమను విజ్ఞానగ్రంథమును రచించిరి.

పద్మానదీ తీరమున

1890 ప్రాంతమున రవీంద్రులు తండ్రి ఆనతిపై తూర్పు వంగదేశమునందలి కుటుంబపు జమీను వ్యవహారములను చేపట్టిరి. శిలాయిదహ, షాజాద్‌పురము, పతిసరము వారి నివాసములైనవి. పద్మానదిపై ఒక గృహనౌకలో వారు సంవత్సరములు గడపిరి. నగరములో పుట్టిన కవికి పల్లె బ్రదుకు తెలిసినది అచటనే. నదియొక్క సౌందర్యముతోపాటు రైతుయొక్క దైన్యమును వారు కన్నులార చూచిరి. అప్పులు, జ్వరములు, నిస్సారమగుచున్న నేల, ఒకరిపై నొకరికి నమ్మకము లేకుండుట: ఇవి పల్లెలను క్రుంగదీయుచుండెను. చదువుకొన్నవారు పట్టణములకు పోవుచుండిరి. పల్లెయందు మిగిలినవారికి చదువు లేదు.

తమ బిడ్డలను ఆ తీరముననే ఇంటియొద్ద చదివించిరి. జమీను కచేరీలో పనిచేయుచుండిన జగదానందరాయలు పిల్లలకు గణితమును, ప్రకృతిశాస్త్రమును నేర్పిరి. పెద్ద కుమారుడు రథీంద్రనాథుని 1906లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు పంపినది న్యాయవాద పట్టమునకై కాదు, వ్యవసాయశాస్త్రము నభ్యసించుటకు. ఆనాటి జమీందారీ కుటుంబములలో ఇది అరుదైన నిర్ణయము.

చెట్లక్రింద పాఠశాల

1901వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన, వంగీయ పౌషమాసము ఏడవ దినమున, శాంతినికేతనమునందు రవీంద్రులు ఆశ్రమ విద్యాలయమును ప్రారంభించిరి. విద్యార్థులు ఐదుగురు, వారిలో రథీంద్రుడొకడు. బ్రహ్మబాంధవ ఉపాధ్యాయులు తొలినాళ్ళలో తోడ్పడిరి. ధనము లేదు. రవీంద్రుల ధర్మపత్ని మృణాళినీదేవి తన ఆభరణములను ఇచ్చివేసిరి. పూరీయందలి గృహమును విక్రయింపవలసివచ్చెను.

సూర్యోదయమునకు మునుపే బాలురు లేచుచుండిరి. తమ గదులను తామే ఊడ్చుకొని, బావియొద్ద స్నానముచేసి, ఎవరికి వారు ఒక్కొక్క చెట్టుక్రింద కొంతసేపు మౌనముగా కూర్చుండెడివారు. ఆపిమ్మట అందఱును కూడి ఉపనిషన్మంత్రములు పఠించెడివారు. ప్రతి విద్యార్థియు తన ఆసనమును చంకబెట్టుకొని ఆమ్రకుంజమునకో, సాలవీథికో, వకుళవీథికో పోవును. ఉపాధ్యాయుని చుట్టు మండలాకారముగా కూర్చుండును. నెత్తిపై పందిరి చెట్టుకొమ్మలే. వాన వచ్చినచో పాఠము ఆగును. ఒక్కొక్కప్పుడు ఆ వానయే పాఠమగును. ఉపాధ్యాయులు బాలురను వెంటబెట్టుకొని తడియుచు కోపాయి నదివఱకు నడచి, వరదనీరు ఎట్లు వచ్చునో, మట్టిని ఎట్లు కోసుకొనిపోవునో చూపెడివారు. పున్నమిరాత్రులందు పొలములమీదుగా విహరించెడివారు.

ప్రకృతిపాఠములను చెప్పుటలో జగదానందరాయలు అందెవేసిన చేయి. పల్లెతీరమునుండి ఆశ్రమమునకు వచ్చిన ఆయన చెట్లను గూర్చియు, పురుగులను గూర్చియు, పక్షులను గూర్చియు, గ్రహనక్షత్రములను గూర్చియు వంగభాషలో సులభమైన గ్రంథములు వ్రాసిరి. బాలురకు రాత్రివేళ దూరదర్శిని చూపి నక్షత్రములను పరిచయము చేసెడివారు. వృక్షప్రేమికుడైన తేజశ్చంద్రసేనుడను మఱియొక ఉపాధ్యాయుడు ఒక తాటిచెట్టును నఱకక, దాని చుట్టునే తన కుటీరమును కట్టుకొనెను. ఇంటికప్పును చీల్చుకొని ఆ తాడు ఆకసమునకు లేచియుండును. దానికి తాళధ్వజమని పేరు వచ్చెను. చెట్టును ఎట్లు ప్రేమింపవలెనో బాలురకు ఆ గృహమే నిత్యపాఠమై నిలిచెను. ఆంగ్లదేశమునుండి వచ్చి ఆశ్రమమున కలసిపోయిన పియర్సను ఒక విదేశపు లతను తెచ్చి నాటెను. అది నీలిపూలు పూయగా రవీంద్రులు దానికి నీలమణిలత యని నామకరణము చేసి కవిత వ్రాసిరి.

ఒకప్పుడు ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఆశ్రమమును చూడవచ్చెను. ఒక బాలుడు చెట్టుకొమ్మపై నెక్కి కూర్చుండి పుస్తకము చదువుకొనుచుండుట ఆయనకు క్రమశిక్షణారాహిత్యముగా తోచెను. కొమ్మను కోరుకొను స్వాతంత్ర్యము మనుష్యునకు బాల్యముననే కలదనియు, పెద్దవాడైన పిమ్మట కుర్చీకే కట్టుబడవలసియుండుననియు రవీంద్రులు ఆయనకు నచ్చజెప్పిరి. చెట్టెక్కిన పిల్లవాని పాదమునకు ఆ చెట్టుయొక్క తత్త్వము తెలియునని వారి విశ్వాసము. ఏ కొమ్మ బరువు మోయును, ఏ బెరడుపై కాలు నిలుచును అనునది పుస్తకమువలన తెలియదు. కనుకనే వారు బాలురను చెప్పులు లేకుండ నడువనిచ్చిరి. నేలతో పాదమునకు గల పరిచయమును త్రెంచుట తగదని ఎంచిరి.

లోకము ఈ బడిని వెంటనే మెచ్చలేదు. ఇండ్లలో అదుపునకు రాని పిల్లలను సంస్కరించుటకై పంపు చోటని కొందఱు భావించిరి. ప్రభుత్వోద్యోగుల కుమారులకు ఇది తగిన పాఠశాల కాదని అప్పటి తూర్పు వంగ ప్రభుత్వము రహస్యముగా ఉత్తరువు పంపగా పలువురు తలిదండ్రులు బిడ్డలను తీసికొనిపోయిరి. రవీంద్రులు చలింపలేదు.

శోకాగ్నిలో తపస్సు

పాఠశాల తొలి సంవత్సరములే వారి జీవితమున దుఃఖభరితములైనవి. 1902 నవంబరులో మృణాళినీదేవి స్వర్గస్థులైరి. మరుసటి సంవత్సరము కుమార్తె రేణుక క్షయరోగమున మరణించెను. 1904లో సతీశచంద్రరాయలను యువ ఉపాధ్యాయుడు ఆశ్రమముననే మశూచికమునకు బలియయ్యెను. జీతమునకై గాక ప్రేమకై వచ్చిన ఆ యువకుడు బాలురను బయళ్ళలో త్రిప్పుచు, కావ్యములను ప్రకృతితో జతపఱచి చెప్పెడివాడు. 1905లో మహర్షి పరమపదించిరి.

రవీంద్రుల చిన్నకుమారుడు శమీంద్రుడు తండ్రికి ప్రతిబింబము. 1907 ప్రారంభమున, పదియేండ్ల ప్రాయమున, ఆ బాలుడు తోటివారిని కూడగట్టి ఆశ్రమమున ఋతూత్సవమును జరిపెను. బాలురు ఋతువుల వేషములు ధరించి ఆడిపాడిరి. అదే సంవత్సరము నవంబరులో ముంగేరు పట్టణమున విషూచివ్యాధి సోకి శమీంద్రుడు కన్నుమూసెను. ఆ పుత్రశోకమును రవీంద్రులు మౌనముగా సహించిరి. మరుసటి సంవత్సరము ఆశ్రమబాలురకై శరదృతువును స్తుతించు శారదోత్సవమను నాటకమును రచించిరి. తన బిడ్డ ప్రారంభించిన పండుగ ఊరి బిడ్డలందఱి పండుగ యయ్యెను. వర్షామంగళము, వసంతోత్సవము మొదలగునవి క్రమముగా ఆశ్రమజీవనమున స్థిరపడినవి. వాన రాకను, వసంతపు రాకను పంచాంగమున గాక నేలపై, ఆకసమున చూచి ఎఱుగుట బాలురకు అలవాటయ్యెను.

పలుగు పట్టిన చేతులు

1913లో నోబెల్ బహుమానము లభించెను. ఆ ధనమును రవీంద్రులు పతిసరమున తాము స్థాపించిన వ్యవసాయ బ్యాంకులో ఉంచిరి. రైతులకు అప్పు దొరకవలెననియు, వచ్చు వడ్డీ పాఠశాలకు ఉపకరింపవలెననియు వారి ఉద్దేశము. 1915లో గాంధీమహాత్ముడు శాంతినికేతనమునకు వచ్చి, వంటయు, పాకీపనియు విద్యార్థులే చేసికొనవలెనని ప్రోత్సహించిరి. రవీంద్రులు సమ్మతించిరి. మార్చి 10వ తేదీన ఆ ప్రయోగము ప్రారంభమయ్యెను. అది దీర్ఘకాలము సాగకపోయినను, ఏటేట ఆ దినమున సేవకులకు విశ్రాంతి నిచ్చి విద్యార్థులును ఉపాధ్యాయులును ఆశ్రమపు పనులన్నియు చేయు ఆచారము ఏర్పడెను.

అయినను రవీంద్రుల మనస్సున ఒక అసంతృప్తి దొలుచుచుండెను. ఆశ్రమబాలురు చెట్లను ప్రేమింప నేర్చిరి, పాటలు పాడిరి. కాని క్రోసెడు దూరమునందలి పల్లెలలో చెట్లు నఱకబడుచుండెను. వర్షము వచ్చినప్పుడెల్ల ఎఱ్ఱమన్ను కొట్టుకొనిపోయి ఖోవాయి పెరుగుచుండెను. చెరువులు పూడి మలేరియాకు నెలవగుచుండెను. నేలను సేవింపని ప్రకృతిప్రేమ సంపూర్ణమగునా? ఈ ప్రశ్నకు సమాధానముగా ఏర్పడినదే సురూలు గ్రామమునందలి సంస్థ. ఆ గ్రామమున రవీంద్రులు 1912లోనే ఒక పాతభవనమును, కొంత నేలను కొనియుంచిరి.

విశ్వభారతి 1921 డిసెంబరులో లాంఛనముగా నెలకొల్పబడెను. ఆ పిమ్మట 1922 ఫిబ్రవరి 6వ తేదీన సురూలునందు గ్రామపునర్నిర్మాణ సంస్థ ప్రారంభమయ్యెను. దానికి నాయకుడు లెనార్డు ఎల్మ్‌హర్స్టు అను ఆంగ్ల యువకుడు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున వ్యవసాయము నభ్యసించినవాడు. పదిమంది విద్యార్థులతో పని ఆరంభమయ్యెను. కోతులు, మలేరియా, పరస్పర అవిశ్వాసము అను మూడు పీడలు గ్రామమును పట్టియున్నవని వారు త్వరలోనే గ్రహించిరి. గోతులు త్రవ్వి, మలమును మన్నుతో కప్పి ఎరువుగా మార్చుట, కూరగాయల పాదులు వేయుట, కోళ్ళను పశువులను పెంచుట: ఇవియే వారి తొలి పాఠములు. పలుగును పారను ముట్టని సద్వంశపు యువకులు స్వహస్తములతో ఆ పనులను చేసిరి. ఆ సంవత్సరమే ఎల్మ్‌హర్స్టు నేలను దోచుకొనుటను గూర్చి కలకత్తాలో ఉపన్యసింపగా రవీంద్రులు అధ్యక్షత వహించి, మనుష్యుని లోభము భూమిని వట్టిపోజేయుచున్నదని హెచ్చరించిరి. ఆ సంస్థయే శ్రీనికేతనమని ప్రసిద్ధి కెక్కెను.

కాళీమోహనఘోషు మున్నగువారు చుట్టుప్రక్కల పల్లెలలో బాలురను వ్రతీబాలక దళములుగా ఏర్పఱచిరి. ఆ బాలురు దోమలకు నెలవైన గుంటలను పూడ్చిరి, పెరళ్ళలో కూరగాయలు పండించిరి, నిప్పంటుకొన్నప్పుడు ఆర్ప నేర్చిరి, జాతరలలో యాత్రికులకు సేవచేసిరి. మలేరియాను గూర్చి పుస్తకమున చదువుటకును, తమ వీథిలోని గుంటను తామే పూడ్చి జ్వరములు తగ్గుట చూచుటకును గల భేదము వారికి తెలిసెను.

1924లో శిక్షాసత్రమను మఱియొక పాఠశాల శాంతినికేతనమున మొదలయ్యెను. రథీంద్రునితోపాటు అమెరికాలో చదివివచ్చిన సంతోషచంద్ర మజుందారు దానికి ఆచార్యుడు. విద్యార్థులు పరిసర గ్రామముల పేదబాలురు, ఆఱేడుగురు మాత్రమే. పరీక్ష లేదు, పట్టము లేదు. ప్రతి బాలునకును సొంతముగా కొంత తోటనేల నిచ్చిరి. నేలను కొలుచుటలో గణితము, విత్తనము మొలచుటలో వృక్షశాస్త్రము, పురుగు పట్టినప్పుడు జంతుశాస్త్రము, వానను గమనించుటలో భూగోళము, పండినదానిని లెక్క వ్రాయుటలో భాష: ఇట్లు సమస్తవిద్యలును ఆ చిన్న మడినుండియే మొలకెత్తవలెనని వారి సంకల్పము. నేత, వంట, ఇంటిపని సైతము బాలురే చేసెడివారు. 1926లో సంతోషచంద్రుడు అకాలమరణము నొందగా, మరుసటి సంవత్సరము శిక్షాసత్రమును శ్రీనికేతనమునకు మార్చిరి. పిమ్మట గాంధీమహాత్ముడు 1937లో మౌలికవిద్యను ప్రతిపాదించినప్పుడు, ఆ పనికి పూనుకొన్న ఆర్యనాయకం దంపతులు శాంతినికేతనమున పనిచేసి వచ్చినవారే.

ఆంధ్రదేశమునకును ఈ ఆశ్రమముతో అనుబంధము కలదు. 1919లో రవీంద్రులు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొలది దినములు విశ్రమించి, జనగణమన గీతమును ఆంగ్లమున కనువదించిరి. రాయప్రోలు సుబ్బారావుగారును, బెజవాడ గోపాలరెడ్డిగారును శాంతినికేతనపు చెట్ల నీడలలో విద్య నభ్యసించినవారు.

వృక్షారోపణము, హలకర్షణము

పనికి పూజ తోడుకానిచో అది వట్టి చాకిరి యగును. పూజకు పని తోడుకానిచో అది వట్టి ఆర్భాటమగును. ఈ రెంటిని జతపఱచుటకు రవీంద్రులు రెండు పండుగలను నెలకొల్పిరి. 1925లో తమ జన్మదినమున ఉత్తరాయణ గృహప్రాంగణమున రావి, మఱ్ఱి, మారేడు, ఉసిరిక, అశోకములను నాటి పంచవటిని ఏర్పఱచియుండిరి. 1928 జూలై 14వ తేదీన ఆశ్రమవాసులందఱి సమక్షమున వృక్షారోపణోత్సవము జరిగెను. ఒక పొగడమొక్కను అలంకరించి, శంఖధ్వనులతో, పాటలతో బాలబాలికలు ఊరేగించి తెచ్చిరి. ఐదుగురు పిల్లలు పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశము అను పంచభూతముల రూపమున నిలిచిరి. విధుశేఖర శాస్త్రిగారు వేదమంత్రములు పఠించిరి. రవీంద్రులు పంచభూతములను ఒక్కొక్కదానిని ఆహ్వానించుచు, ఈ పసిమొక్కను కాపాడుడని వేడుచు తమ కవితలను చదివిరి.

ఆ సందర్భమున వారు బలాయి అను తమ కథను వినిపించిరి. తల్లి లేని బలాయి అను బాలుడు గడ్డిపోచను త్రుంచినను నొచ్చుకొనెడివాడు. తోటలో నడకదారికి అడ్డముగా మొలచిన బూరుగుమొక్కను నఱకవలదని పినతండ్రిని బ్రతిమాలి కాపాడుకొనెను. అతడు దూరదేశమునకు పోయిన పిమ్మట, తన నేస్తమైన ఆ చెట్టు ఛాయాచిత్రమును పంపుమని ఇంటికి వ్రాసెను. అప్పటికే పినతండ్రి ఆ చెట్టును కొట్టించివేసెను. పినతల్లి రెండుదినములు అన్నము ముట్టలేదు. ఆమెకు అది తన బలాయి ప్రతిరూపమే. ఆ కథ వినిన పిల్లలకు చెట్టు కట్టెగా కనబడుట మానెను.

మరునాడు శ్రీనికేతనమున హలకర్షణము జరిగెను. ముగ్గులు పెట్టిన నేలపై, అలంకరించిన ఎద్దులను కట్టిన నాగలిని విశ్వకవి స్వయముగా పట్టి దున్నిరి. వారికప్పుడు అఱువదియేడేండ్లు. నాగలి పట్టుట అవమానకరమని తలంచెడి విద్యావంతుల కనులయెదుట ఆ దృశ్యము గొప్ప బోధ యయ్యెను. నందలాల్ వసువు దానిని శ్రీనికేతనపు గోడపై చిత్రించిరి. భూమినుండి తీసికొన్న దానిని భూమికి తిరిగి యిచ్చుటయే ఈ ఉత్సవముల పరమార్థమని రవీంద్రులు బోధించిరి. అరణ్యదేవత యను తమ ప్రసంగమున, అడవులను నఱికిన జాతులు ఎడారులను కొనితెచ్చుకొన్నవని హెచ్చరించిరి.

చరమదశ

ఇంతచేసినను రవీంద్రులు తమ కృషి ఫలించినదని విఱ్ఱవీగలేదు. ధనికులు, ఉద్యోగులు తమ బిడ్డలను శాంతినికేతనమునకు పంపిరి. కాని వారికి కావలసినది పరీక్షయే. శిక్షాసత్రము చిన్నదిగానే మిగిలెను. ఎల్మ్‌హర్స్టునకు వ్రాసిన ఒక లేఖయందు వారు తమ హృదయవేదనను దాచలేదు. శాంతినికేతనపు పాఠశాల దేశమునందలి ఇతర పాఠశాలలవలెనే మారిపోవుచున్నదనియు, శిక్షాసత్రముననే నిజమైన విద్యకు అవకాశము కలదనియు తెలిపిరి. తాము కన్నబిడ్డవలె పెంచిన సంస్థను గూర్చి ఇంతటి నిష్పాక్షికమైన తీర్పు చెప్పుట మహాత్ములకే చెల్లును.

1941 ఆగష్టు 7వ తేదీన, శ్రావణమాసము 22వ దినమున, తాము జన్మించిన జొరాసాంకో భవనముననే రవీంద్రులు తనువు చాలించిరి. ఆ మహాపురుషుని స్మృతిదినమున ఆశ్రమమునందు శోకమునకు బదులుగా వృక్షారోపణమును జరుపు ఆచారము ఏర్పడెను. మరునాడు శ్రీనికేతనమున హలకర్షణము. మరణదినము ఒక మొక్కయొక్క జన్మదినముగా మారెను.

1950లో స్వతంత్ర భారతదేశమున వనమహోత్సవము ఏర్పడెను. 1951లో విశ్వభారతి కేంద్రవిశ్వవిద్యాలయ మయ్యెను. పర్యావరణమును విద్యాసంస్థలలో తప్పనిసరిగా బోధింపవలెనని 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించెను. 2023లో శాంతినికేతనము ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరెను. నేడు పర్యావరణమను పాఠ్యపుస్తకము లేని బడి లేదు. అయినను పుస్తకముననే ముగియు పాఠము నేలను చేరదు; వేడుకదినమున నాటి మరుదినము మఱచిన మొక్క బ్రదుకదు.

వసారా మూల దుమ్ములో సీతాఫలపు గింజను పాతి నీరు పోసిన పసివానికి ఆనాడు తోడుగా నిలిచిన పెద్దలు లేరు. ఆ లోటు మఱియొక బిడ్డకు కలుగకుండవలెననియే రవీంద్రులు జీవితమంతయు శ్రమించిరి. బడిలోనో, పెరటిలోనో ఒక బిడ్డ చేతికి ఒక విత్తనమును, జానెడు నేలను ఇచ్చి, అది మొలచువఱకు ప్రక్కన నిలిచి, నవ్వక, విసుగుకొనక, ఆ బిడ్డ చూపిన మొలకను తామును ఆదరముతో చూచు తలిదండ్రులును, ఉపాధ్యాయులును ఆ మహనీయునికి నిజమైన అర్చన చేసినవారగుదురు. సర్వమును ఆవరించియున్న ఈశ్వరుడు ఆ చిన్ని మొలకయందును కలడు. అందు ఆయనను చూడ నేర్చిన బిడ్డ భూమాతకు ఎన్నడును కీడు చేయజాలడు.